మూడో పూస

నాలుగో రోజు కూడా ఓడ అక్కడే ఉంది.

దాన్ని చూడకుండా ఉండాలని నూకరత్నం ఎంత అనుకున్నా, పిల్ల గుడ్డలు ఆరేసే దండెం సముద్రం వైపుకే ఉంది. ఒక గుడ్డ దులిపితే దాని అంచు పక్కన ఓడ. ఇంకోటి దులిపినా ఓడే. తుప్పు రంగు ఒళ్ళు, వెనక వైపు తెల్లటి గదులు, పైన సన్నటి పొగ. మొదటి రోజు కన్నా ఆ పొగ కూడా పలచబడిపోయింది.

"ఓలే రత్నం! ఆ దొంగ ఓడకేసి సూసి సూసి నీ కళ్ళు కాయలు కాస్తాయే," అంది గోడ అవతలి నుంచి తవిటమ్మ. "పట్టించిందానివి నువ్వే కదేటి, ఇంకా ఏటి సూస్తావు?"

నూకరత్నం నవ్వినట్టు మొహం పెట్టింది. చంకలో ఎనిమిది నెలల పిల్ల పైడి, తల్లి మెడలో తాడుకున్న పూసను పట్టి లాగుతోంది. ఆ చెయ్యి విడిపించి, పూసను గబుక్కున జాకెట్టులోకి తోసేసింది. తన మెడలోనూ అలాంటిదే ఉన్న తవిటమ్మ దగ్గరగా చూస్తే అది పూస కాదని, అరగదీసిన గవ్వ ముక్క అని తెలిసిపోతుంది.

కొత్తకళింగం నాలుగు దీవుల దేశం. ముత్తాతల కాలంలో విశాఖ తీరం నుంచి చెరుకు కొట్టడానికి ఓడలెక్కి వచ్చినవాళ్ళ సంతతి, తొంభై వేల మంది. సైన్యం లేదు. దేశం మొత్తం మీద తుపాకీ ఉన్నవాడు జైలు కాపలావాడొక్కడే, అందులో గుళ్ళు లేవన్న సంగతి ఖైదీలకు కూడా తెలుసు. కానీ వాళ్ళ రేవు లోతైనది. లోకంలోని సగం సరుకు ఆ పక్క నుంచే పోతుంది. సముద్రం అడుగున దేశదేశాల తీగలూ అక్కడి నుంచే పోతాయి. అందుకని తూర్పు పెద్ద దేశం ఒకటి, పడమటి పెద్ద దేశం ఒకటి, "రేవు మాకివ్వండి, మీకు కాపలా మేం కాస్తాం" అని ముప్పై ఏళ్ళుగా అడుగుతూనే ఉన్నాయి. ఒకళ్ళకిస్తే రెండోవాళ్ళకు పగ.

అందుకే కొత్తకళింగం ఎవరినీ పిలవలేదు. తుపాకులూ కొనలేదు. తమ నీళ్ళలోకి ఏ ఓడ దొంగతనంగా వచ్చినా ఆ సంగతి రేడియోలో లోకమంతటికీ చెప్పేసేది. దానికి చాటింపు అని పేరు. చాటింపు పడిన ఓడను ఏ రేవూ రానివ్వదు, దాని బీమా ఆ పూటే పోతుంది, సరుకు కుళ్ళిపోతుంది. మూడు బయటి దేశాల తనిఖీవాళ్ళు వచ్చి చూసేదాకా ఉన్నచోటే ఉండాలి. పదకొండేళ్ళలో ఏడు చాటింపులు. ఏడుకి ఏడూ నిజం. బడిలో మాస్టారు, "మన సైన్యం ఎక్కడుందర్రా?" అని అడిగితే పిల్లలంతా నోటి మీద వేలు పెట్టి చూపించేవాళ్ళు. నూకరత్నం చదివిన ఐదు తరగతుల్లోనూ ఆమెకు బాగా గుర్తున్న పాఠం అదొక్కటే.

అయితే చెప్పాలంటే ముందు తెలియాలి. యంత్రాలకు గంతలు కట్టడం పెద్ద దేశాలకు వెన్నతో పెట్టిన విద్య. వాళ్ళు గంతలు కట్టలేనిదాన్ని డాక్టరు సింహాచలమ్మ కనిపెట్టింది.

పైడి పుట్టిన నెలకు నూకరత్నాన్ని పరీక్షకు పిలిచారు. రేవులో పాత ఐసు ఫ్యాక్టరీలో ఉంటుంది ప్రయోగశాల. నీళ్ళ తొట్టెలో కాళ్ళు పెట్టించి కుర్చీలో కూర్చోబెట్టారు. ఎక్కడో సముద్రంలో పెద్ద ఇనప డోలు మోగిస్తారట, చెవికి మాత్రం వినబడదట. ఆమెకు నిజంగానే ఏమీ వినబడలేదు. కానీ ఉన్నట్టుండి వెన్ను ఝల్లుమంది, గుండె దడదడలాడింది, పిల్ల దగ్గర లేకుండానే పాలు చేపుకొచ్చి జాకెట్టు ముందంతా తడిసిపోయింది. ఎదురుగా ఇద్దరు కుర్రాళ్ళు గడియారం చూసి రాసుకుంటున్నారు. నూకరత్నం పమిట రెండు మడతలు వేసి కప్పుకుని తల వంచేసింది.

"సిగ్గుపడకమ్మా," అంది డాక్టరమ్మ. "పిల్ల ఏడవకముందే బాలింతకు మెలకువ వస్తుంది చూడు, అదే ఇది. నీ ఒంట్లో ఉన్న ఆ చెవికి మేం పూస కట్టి ఇంకాస్త తెరుస్తాం. ఓడ ఎంత మెల్లగా వచ్చినా నీళ్ళను కదపక తప్పదు కదా. దేశానికి కాపలా అది."

సిగ్గు మాత్రం ఆవిడ వద్దంటే పోలేదు.

పూస చింతగింజంత ఉంటుంది, ఎముక రంగు. పాలిచ్చే ఒంటి మీద ఉన్నంతసేపూ లోపల ఆవగింజంత వెలుగు. ఒక పూట తీసేస్తే ఆరిపోతుంది, ఆఫీసు మనిషి ఇంటికొస్తుంది. ఒళ్ళు ఝల్లుమంటే పూస కదిలి ప్రయోగశాలకు కబురు పంపుతుంది. అది తనెక్కడుందో మాత్రం చెప్పదు. అలా చెప్పే వస్తువును శత్రువు కూడా వెతికి పట్టుకుంటాడట. అందుకే ఏ పూస ఏ ఇంట్లో ఉందో ప్రయోగశాలలో చెక్క పటం మీద మేకు కొట్టి ఉంచుతారు. మూడు పూసలు కదిలితే, ఏది ముందు ఏది వెనక అన్న తేడాను బట్టి మూడు మేకుల నుంచి దారాలు లాగుతారు. దారాలు కలిసిన చోట ఓడ. పూస ఊరి పొలిమేర దాటకూడదన్నది ఒక్కటే గట్టి రూలు. తీరమంతా రెండు వందల పన్నెండు మంది తల్లులు. పూసల పనికి అడ్డమని తీరంలో సెల్‌ఫోన్లు కూడా తీసేశారు. జనం మళ్ళీ ఉత్తరాలు రాసుకుంటున్నారు.

ఆ తెరిచిన చెవిని మూసుకోవడం ఎలాగో మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు. పడవ పోయినా ఒళ్ళు ఝల్లే, తిమింగలం తిరిగినా ఝల్లే. పిల్ల నోట రొమ్ము పెట్టి కూర్చుంటే ఎక్కడో ఏదో కదిలేది, గుండె అదిరేది, వస్తున్న పాలు ఆగిపోయేవి. పైడి వదిలేసి మొహం ఎర్రగా చేసుకుని ఏడ్చేది. ఐదో నెల వచ్చేసరికి పాలు పూర్తిగా ఎండిపోయాయి. పూసలో వెలుగు మిణుకుమిణుకుమంది.

వెళ్ళి చెప్పేస్తే పూస వెనక్కి తీసుకునేవాళ్ళే. కానీ బడి గోడ మీద కాపలా తల్లుల ఫోటోల్లో ఆమె ఫోటో ఉంది. భర్త అప్పలసూరి వలలు లాగే చోటల్లా, "మా ఇంటిది కునుకు తీస్తే దేశం కునుకు తీసినట్టే" అని గొప్పలు పోతున్నాడు. పైగా ఏడాది నిండని పిల్లకు పాలు లేవంటే ఆడవాళ్ళు ఊరుకుంటారా? ఏం తిన్నావని ఒకరు, ఎవరి దిష్టని ఇంకొకరు, వెనక్కి తిరగ్గానే ఇంకేదో. పైడిని ఎత్తుకుని నాలుగు మైళ్ళ అవతల వెనకరేవులో ఉన్న అమ్మ దగ్గరికి వెళ్ళి కూలబడి ఏడ్చింది.

అమ్మ పోలమ్మ అంతా విని, పెరట్లో నెమరేస్తున్న మేక వైపు చూసింది. చెవుల నిండా తెల్ల చుక్కలు, అందుకే సుక్కాలు అని పేరు.

"పాలిచ్చే ఒళ్ళు కావాలి, అంతే కదేటి?" అంది పోలమ్మ. "సుక్కాలు రెండు పిల్లల్ని సాకతంది, నీ గుంటకి సీసాడు పోస్తాది. ఆ పూసేదో దానికే కట్టీ. దేశానికి తేడా తెలస్తాదేటి?"

నెలల తరవాత నూకరత్నం నవ్వింది ఆ పూటే. మేక మెడలో పూస కట్టగానే లోపల వెలుగు నిలకడగా వెలిగింది.

ఇదంతా జరిగి మూడు నెలలు. బుధవారం మధ్యాహ్నం మూడు పూసలు కదిలాయి. మూడోది నూకరత్నం పేరున ఉన్నది. గంటలో ఎనిమిదో చాటింపు లోకమంతా వినబడింది. తీర పడవలు ఎదురెళ్ళి ఓడను ఉన్నపళంగా ఆపించాయి.

గురువారం ముగ్గురు తల్లులను ప్రయోగశాలకు పిలిచి దండలు వేశారు. రక్షణ కార్యదర్శి లోకనాథం గారు స్వయంగా వచ్చారు. డాక్టరమ్మ సంబరంగా పటం దగ్గరికి తీసుకెళ్ళి దారాలు చూపించింది. మూడు మేకులు, మూడు దారాలు, సరిహద్దు గీతకు లోపల ముడి.

నూకరత్నం వలలు బాగుచేసే మనిషి. దారం ఏ కొస లాగితే ముడి ఎటు జరుగుతుందో ఆమె చేతులకు ఆలోచించకుండానే తెలుసు. మూడో మేకు తన ఇంటి మీద ఉంది. పూస మాత్రం వెనకరేవులో మేక మెడలో ఉంది. మనసులోనే ఆ కొసను నాలుగు మైళ్ళు తూర్పుకు జరిపింది. ముడి మెల్లగా కదిలి, గీత దాటి, బయటి సముద్రంలోకి పోయింది. అందరి ఓడలూ పోయే దారి అది.

మెడలో చామంతి దండ బరువుగా అనిపించింది. దండలో ఏదో పురుగు పాకింది, దులుపుకోలేదు. ఇంటికొచ్చి, నేల మీద మూడు గులకరాళ్ళు పెట్టి వల దారంతో మళ్ళీ లాగి చూసింది. మళ్ళీ అంతే. మూడోసారి లాగబోతుంటే అప్పలసూరి వచ్చి, "ఏటే, పిల్లతో గచ్చకాయలా?" అని నవ్వాడు. రాళ్ళు ఒళ్ళోకి తీసేసుకుంది.

గురువారం చెప్పలేదు. శుక్రవారం చెప్పలేదు. తనిఖీవాళ్ళు వస్తారు కదా, ఏమీ దొరకదు, వదిలేస్తారు, అంతే కదా అనుకుంది. రాత్రి బువ్వ తినేటప్పుడు, పిల్లకు నీళ్ళు పోసేటప్పుడు, అంతే కదా, అంతే కదా అని అదే మాట తిప్పుకుంది. మేక పాల సీసా పట్టుకుని పైడి గుటకలేస్తుంటే ఆ చప్పుడు కూడా ఎవరో అడుగుతున్నట్టే ఉంది.

శనివారం గుడ్డలు ఆరేసి లోపలికి వచ్చేసరికి రేడియోలో ఓడ కెప్టెను మాట వేస్తున్నారు. గురువారం నుంచీ అడుగుతున్నాడట. ఓడను హఠాత్తుగా ఆపినప్పుడు వంటగదిలో మరిగే నూనె మూకుడు జారి వంటమనిషి కుడి చేతి మీద పడిందట. మందులు అయిపోయాయి, చెయ్యి నల్లబడుతోంది, ఒక్క డాక్టరును పంపండి అని ప్రాధేయపడుతున్నాడు. తరవాత ప్రభుత్వం జవాబు చదివారు. చాటింపు పడిన ఓడ మాట నమ్మి మనుషులను పంపకూడదన్నది నియమం. ఇలాంటి ఎత్తులు ఇదివరకూ చూశాం.

నూకరత్నం రేడియో కట్టేసింది. పైడిని చంకనేసుకుని తలుపైనా దగ్గరికి వెయ్యకుండా బస్సెక్కింది.

మొదట వెనకరేవు వెళ్ళింది. గంట తరవాత ప్రయోగశాల గుమ్మంలో, ఒక చంకలో పిల్ల, ఇంకో చేతిలో మేక పలుపు పట్టుకుని నిలబడింది. లోపల డాక్టరమ్మా లోకనాథం గారూ ఏవో కాగితాలు చూసుకుంటున్నారు.

"ఇదేమిటమ్మా, మేకను తోలుకొచ్చావు?" అంది డాక్టరమ్మ.

"మూడో పూసండి," అంది నూకరత్నం. "ఇదేనండి మూడో పూస."

వాళ్ళకు అర్థం కాలేదు. ఆమె మేక మెడ మీద వెంట్రుకలు పక్కకు తీసి చూపించింది. ఎముక రంగు పూస, లోపల ఆవగింజంత వెలుగు. తన మెడలోని తాడు లాగి గవ్వ ముక్కను బల్ల మీద పెట్టింది. పాలు ఎండిపోయిన సంగతి చెప్పేటప్పుడు మాత్రం లోకనాథం గారి వైపు తిరగకుండా డాక్టరమ్మ చెప్పులకేసి చూసి చెప్పింది. తరవాత పటం దగ్గరికి వెళ్ళి, మూడో మేకు నుంచి దారం ఊడదీసి, వెనకరేవు మీద వేలితో అదిమి పట్టుకుంది. ముడి గీత బయటికి పోయింది.

"గురువారమే తెలుసు నాకు," అంది. "మీరు దండ ఏసినప్పుడే."

సుక్కాలు బల్ల మీద కాగితం ఒకటి నమలబోతే లోకనాథం గారు లాక్కున్నారు.

డాక్టరమ్మ మెల్లగా లేచి మేక కాళ్ళను నీళ్ళ తొట్టెలో పెట్టించింది. ఇనప డోలు మోగించమని లోపలికి చెప్పింది. వినబడే చప్పుడేమీ లేదు. కానీ సుక్కాలు చుక్కల చెవులు రెండూ నిక్కబొడుచుకున్నాయి, ఒళ్ళు ఝల్లుమంది. పొదుగు నుంచి బొట్టుబొట్టుగా పాలు తొట్టెలో నీళ్ళలోకి కారాయి. గడియారం పట్టుకున్న కుర్రాడు, "మనవాళ్ళ కన్నా అర సెకను ముందేనండి," అన్నాడు, అని నాలిక కరుచుకున్నాడు.

మేక అబద్ధం ఆడలేదు. ఉన్నచోటి నుంచి విన్నది విన్నట్టు చెప్పింది.

డాక్టరమ్మ అక్కడే తడి గచ్చు మీద చతికిలబడింది. "పదకొండేళ్ళు," అంది. "ఒక్కసారి... ఒక్క మేకతో, ఒక్క ఆవుతో చూశానా నేను? చూడలేదు. తల్లులే కాపలా అన్న మాట మంత్రిగారికి నచ్చింది. పాటలు కట్టారు. నాకూ నచ్చిందమ్మా. అంతే. ఇంకేం కారణం లేదు."

నూకరత్నం ఆవిడను అలా చూడలేక మేకకేసి చూసింది.

లోకనాథం గారు గొంతు సవరించుకున్నారు. "సరే, అయిందేదో అయింది. యంత్రంలో దోషం అని చెబుదాం. ఓడను వదిలేద్దాం. ఈ అమ్మాయి పేరు ఎక్కడా రాదు. మేక సంగతి ఈ గది దాటదు. బయటికొచ్చిందా, రేపటి నుంచి ఆ రెండు దేశాలూ మన గుమ్మంలో కూర్చుంటాయి."

దాహమేసినవాడికి చల్లటి నీళ్ళు చూపించినట్టుంది ఆ మాట. ఎవరికీ తెలియదు. ఫోటో గోడ మీద ఉంటుంది. అప్పలసూరి తల ఎత్తుకునే ఉంటాడు. ఊ అంటే చాలు.

"పూసలో యంత్రం ఎక్కడుందండీ?" అంది డాక్టరమ్మ కింద నుంచే. "ఆ ఒక్క అబద్ధం ఎవడైనా విప్పితే, నిజం చెప్పిన ఆ ఏడు చాటింపులనూ విప్పుతాడు. అప్పుడు ఇక మన దగ్గర ఏముంటుంది, జైలు కాపలావాడి తుపాకీయేనా?"

"లోకమంతా నవ్వుతుంది!" ఆయన నూకరత్నం వైపు తిరిగారు. "నువ్వే చెప్పమ్మా. మేక, మేక అని అందరూ నవ్వుతుంటే నువ్వు బతగ్గలవా?"

"నవ్వితే తరవాత నవ్వుతారు బాబూ," అంది నూకరత్నం. "ముందు ఆ వంటాయనకి డాక్టర్ని పంపండి."

డాక్టరు పడవ సాయంత్రానికి వెళ్ళింది. వంటమనిషిని ఒడ్డుకు తెచ్చారు. కానీ చెయ్యి నిలవలేదు, మణికట్టు దాకా తీసేయాల్సి వచ్చింది. ఒక్క రోజు ముందు తెచ్చినా వేళ్ళు తప్ప మిగతాది ఆగేదేమో అన్నాడు ఆసుపత్రి డాక్టరు. ఆయన ఎవరినీ అనలేదు, మామూలుగా అన్నాడు. నూకరత్నం ఆ మాటను శుక్రవారం అని విన్నది.

ఆదివారం పొద్దున తొమ్మిదో చాటింపు పడింది. తమ మీద తామే వేసుకున్న చాటింపు. ఓడను వదిలేశారు. మేక సంగతి దాచలేదు. ఆమె పేరు మాత్రం చెప్పలేదు, "ఒక కాపలా తల్లి" అన్నారంతే. లోకనాథం గారు చెప్పినట్టే లోకం నవ్వింది. తూర్పు దేశం, పడమటి దేశం కూడబలుక్కున్నట్టు ఒకే రోజు కబురు పంపాయి, మీ మేకల కన్నా మా ఓడలు నయం కాదా అని. ఊళ్ళో పేరు దాగుతుందా? ఫోటో దగ్గర ఎవరో సుద్దతో రెండు కొమ్ములు గీశారు. అప్పలసూరి రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున, పిల్ల సీసా తనే కడిగి తెచ్చి, "నాకైనా సెప్పొచ్చు కదే," అన్నాడు.

ఆ మధ్యాహ్నం తవిటమ్మ గోడ మీది నుంచి కాదు, గుమ్మంలో నుంచి వచ్చింది. తలుపు దగ్గరికి వేసి కూర్చుంది.

"నాది కుక్క మెడకున్నాది," అంది.

"ఏటప్పా?"

"పూసే. మా నల్లకుక్క ఈనింది కదేటి, రెండు నెల్లయ్యింది. నాకు పాలు ఎండిపోనాయి. ఎవుళితో సెప్పుకోను? నువ్వు గోడవతల గుంటకి పాలిస్తన్నావనుకుని నిన్ను సూసి ఏడిసీదాన్నే." తవిటమ్మ నవ్వబోయింది, నవ్వు రాలేదు. "నీ మెడలోది గవ్వా? నాది సబ్బుముక్క. నీళ్ళోసుకుంటే అరిగిపోతంది, వారానికోటి సెక్కుకుంటన్నాను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేక చాలాసేపు పైడినే చూస్తూ కూర్చున్నారు.

పూసలు వెనక్కి తీసుకునే రోజున లెక్క తేలింది. రెండు వందల పన్నెండింటిలో ముప్పై ఒకటి మనుషుల మెడల్లో లేవు. ఆవులు, గేదెలు, మేకలు, తవిటమ్మ కుక్క, రెండు పిల్లులు. నూకరత్నం పూస తప్ప మిగతావి ఊరు దాటకపోబట్టి ఎవరి కంటా పడలేదు. ముప్పై ఒక్కమందీ ఎవరికి వారు తమ ఒక్కరికే ఇలా అయిందనుకున్నారు. తీరం పొడుగునా మేకల పాకలు కట్టాలని ఇప్పుడు తీర్మానించారు. ఈసారి ఏ మేక ఏ పాకలో ఉందో రోజూ మనిషి వెళ్ళి చూసి రావాలని కూడా. పదో చాటింపును లోకం నమ్ముతుందా లేదా అన్నది అది పడిన రోజున గాని తెలియదు. ఆ తల్లులను పలకరించడానికి డాక్టరమ్మ ఒక్కొక్క గడపా ఎక్కుతోంది. నూకరత్నం ఇంట్లో పీట మీద కూర్చుని, ఇచ్చిన మజ్జిగ గ్లాసు తాగకుండానే కింద పెట్టి లేచి వెళ్ళిపోయింది.

మరో వారానికి నూకరత్నం ఆసుపత్రికి వెళ్ళింది. రెండుసార్లు గేటు దాకా వెళ్ళి తిరిగొచ్చి, మూడోసారి లోపలికి వెళ్ళింది.

వంటమనిషి పేరు మైలపల్లి ఎర్రయ్య. నలభై ఏళ్ళుంటాయి. భీమిలి పక్క ఊరు. ముత్తాతల ఓడలు బయల్దేరిన తీరమే. మంచం మీద కూర్చుని ఎడమ చేత్తో అన్నం కలుపుకోవడం నేర్చుకుంటున్నాడు. సగం మెతుకులు దుప్పటి మీదున్నాయి.

"మనోళ్ళ మాటే మాటాడతన్నావు సెల్లీ!" అన్నాడు ఆమె పలకరించగానే, మొహం విప్పారి. "ఇక్కడికొచ్చాక ఇదే ఇడ్డూరం నాకు. సముద్రం ఇంత దాటొచ్చినా ఇంటి కాడున్నట్టే తిడతన్నారు నర్సమ్మలు. ఎవుళి తాలూకా నువ్వు?"

"ఊరికే... సూసి పోదామని," అంది నూకరత్నం.

"కూకో కూకో. సదువొచ్చా నీకు?"

"ఐదు దాకా."

"సాల్దేటి! ఓ ఉత్తరం రాసి పెట్టు. ఆఫీసులో ఫోనున్నాదంటన్నారు గాని, నా గొంతు వింటే మా ఇంటిది కనిపెట్టేస్తాది." ఆయన కట్టు కట్టిన చేతిని దుప్పటి కిందకు తోసుకున్నాడు. "ఎల్లేలోగా నేనే ఏదో ఒకటి సెప్పుకుంటాను."

పైడిని మంచం కాళ్ళ దగ్గర కూర్చోబెట్టి, ఆమె ఒళ్ళో కాగితం పెట్టుకుంది. ఆయన చెబుతుంటే ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాసింది. నేను క్షేమం. ఓడ మరమ్మతు కోసం ఆగింది. ఇక్కడివాళ్ళు మంచోళ్ళు, మన మాటే మాట్లాడతారు. పెద్దదాని బడి మానిపించకు. చేతి మీద కాస్త నూనె పడింది, తగ్గిపోయింది.

తగ్గిపోయింది దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

"రాసావా?" అన్నాడు ఎర్రయ్య.

"రాస్తన్నానన్నా."

ఆమె రాస్తూనే ఉంది. ఆయన చెప్పడం అయిపోయాక కూడా రాస్తోంది. ఆయన ఆమె తల వంపునే చూస్తూ ఊరుకున్నాడు. చివరికి, "ఏదీ, సదివి ఇనిపించు," అన్నాడు.

నూకరత్నం చదివింది. నేను క్షేమం. పెద్దదాని బడి. కాస్త నూనె. అక్కడిదాకా వచ్చి, మిగతాది కూడా చదివింది.

"అక్కా, పైన ఉన్నది ఆయన చెప్పింది. కింద ఉన్నది నా మాట. ఆయన కుడి చెయ్యి పోయింది. ఓడ తప్పు చెయ్యలేదు. నేను చేసిన తప్పు వల్ల ఆపారు. ఆ సంగతి తెలిసి కూడా రెండు రోజులు చెప్పలేదు. చెప్పి ఉంటే చెయ్యి కొంతైనా ఉండేది. నాకు సిగ్గేసి చెప్పలేదు. ఇంతకన్నా నా దగ్గర కారణం లేదు. సూరాడ నూకరత్నం."

గదిలో పంకా తిరుగుతోంది. ఎర్రయ్య కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. పైడి ఆకలికి రాగం తీసింది. నూకరత్నం సంచిలోంచి సీసా తీసి, ఎవరు చూస్తున్నారని చూడకుండా, పిల్ల నోట పెట్టింది. గుటకల చప్పుడు గదంతా వినబడింది.

"ఆ మేక పాలేనా?" అన్నాడు ఎర్రయ్య, తిరక్కుండానే.

"అవునన్నా."

సీసా సగమైంది.

"ఆ కింద ముక్క కొట్టీమంటే కొట్టేస్తాను," అంది ఆమె.

"ఉంచు," అన్నాడు. "ఎవుర్ని తిట్టుకోవాలో మా ఇంటిదానికి తెలియాలి కదా."

నూకరత్నం ఉత్తరం మడిచి కవరులో పెట్టింది. ముందు వైపు ఆయన చెప్పిన భీమిలి చిరునామా రాసింది. తరవాత కవరు తిప్పి, వెనక వైపు తన ఇంటి పేరు, తన పేరు, వీధి, ఊరు, దీవి, దేశం, ఒక్కటీ వదలకుండా రాసింది.